ఉగ్గు మీద పడిన నింద

పోయిన వారం షిరీన్‌ను మనం గుంటూరులో, పిల్లల ఆస్పత్రి రెండో అంతస్తు వరండాలో, గోడకు జేరగిలబడి కూర్చున్న చోటే వదిలి వచ్చాం. అద్దాల గదిలో ఆమె పదకొండు నెలల కొడుకు పీరు ముక్కుకు గొట్టంతో పడుకుని ఉన్నాడు. తెల్లవారుజామున మొదలైన వాంతులు అద్దంకి డాక్టరు సూదితో ఆగలేదు, నూట ఎనిమిది బండిలో వచ్చినంతసేపూ ఆగలేదు. మిర్చి యార్డులో కాయల బేరం మధ్యలో వదిలేసి పరిగెత్తుకొచ్చాడు భర్త ముస్తాక్. రాత్రి పడుకోబోయే ముందు పిల్లవాడికి నాయనమ్మ వసకొమ్ము అరగదీసి ఉగ్గు పట్టిందని వినగానే, ఫోను తీసి కన్నతల్లి నసీమున్నీసాను నోటికొచ్చినట్టు అన్నాడు. ఇక జన్మలో నా బిడ్డను ముట్టుకోవద్దు అన్నాడు. షిరీన్ పక్కనే నిలబడి ఉంది. ఆ ఉగ్గు పీరు పుట్టిన ఇరవై ఒకటో రోజు నుంచీ తాగుతున్నదే. తప్పు ఉగ్గుది కాదని ఆమెకు తెలుసు. తప్పు ఎక్కడుందో ఈ లోకం మొత్తం మీద ఆమె ఒక్కదానికే తెలుసు. అయినా నోరు విప్పలేదు.

ఇప్పుడు పదకొండు దాటింది. ఎండ వరండా గ్రిల్లు నీడను గచ్చు మీద పరిచింది. షిరీన్‌కు తలలో నరం గుంజుతోంది, కడుపులో తిప్పుతోంది. పొద్దున్నుంచీ గుక్కెడు నీళ్లైనా తాగలేదు కదా, అందుకేలే అనుకుంది. ప్రతి రెండు నిమిషాలకూ లేచి అద్దం దగ్గరికి వెళ్లి, పీరు పొట్ట లేవడం, దిగడం చూసి, మళ్లీ వచ్చి కూర్చుంటోంది. ఒక్కోసారి దిగిన పొట్ట మళ్లీ లేవడానికి క్షణం ఆలస్యమయ్యేది. ఆ క్షణంలో షిరీన్ ఊపిరి కూడా ఆగిపోయేది. కన్నవాళ్లకు అది చెప్పక్కర్లేదు.

సంగతి మంగళవారం నాటిది.

ఈ ఏడు మిరపకు ధర లేదు. ఏసీ గోదాముల్లో చోటు లేదు. ముస్తాక్ ముప్ఫై టిక్కీలు, అంటే ఎండుమిరపకాయలు కుక్కిన ముప్ఫై గోనె బస్తాలు, ఇంటికి తెచ్చి నడింట్లో పేర్చాడు. వాళ్లది రేకుల ఇల్లు, రైలు పెట్టెల్లా వరసగా మూడు గదులు. ముందు గదిలో అత్తగారి మంచం, నడింట్లో టిక్కీలు, చివరి గదిలో పిల్లలతో షిరీన్ పడక. గదికీ గదికీ మధ్య గోడ మనిషెత్తు లేచి, ఆ పైన ఒక మూర లేచి, అక్కడ ఆగిపోయింది. పైన రేకుల దాకా కట్టించడమనేది ఏటికేడూ వచ్చే ఏడాదికి వాయిదా పడుతూ వచ్చింది.

పదిరోజులకే కాయల్లో పురుగు కనబడింది. ముస్తాక్ గోదాముల్లో వాడే గ్యాస్ బిళ్ళలు ఒక గొట్టం తెచ్చి అటక మీద దాచాడు. యార్డు పని చూసుకుని వచ్చాక తనే పెడతానన్నాడు. బిళ్ళలున్న నాలుగు రోజులూ ఇల్లు మూసేసి అందరూ తన అక్క ఖుర్షిదా ఇంట్లో ఉండాలన్నాడు. ఖుర్షిదా ఇల్లు రెండు వీధుల అవతలే. కాని షిరీన్‌కు ఆ రెండు వీధులు రెండు జిల్లాల దూరం. తొమ్మిదో తరగతిలో బడి మానిపించి పెళ్లి చేసిన పిల్ల అని అందరికీ తెలిసిందే. అది గుర్తు చేయకుండా ఖుర్షిదా అన్నం వడ్డించదు. "మా మరదలికి చదువు అబ్బలేదు, పనైనా అబ్బుతుందనుకున్నాం" అని నలుగురిలో నవ్వుతూ అన్న మాట షిరీన్‌కు ఇప్పటికీ గొంతులో ముల్లే.

మంగళవారం మధ్యాహ్నం ముస్తాక్ ఫోను చేసి, శుక్రవారం కాయలు చూడడానికి మనుషులు వస్తున్నారనీ, తను ఆ రోజుకి గాని రాలేననీ చెప్పాడు. పురుగుతో కాయ చూపిస్తే ఎవరు కొంటారు? ఆడబడుచు గడప తొక్కకుండానే పని అయిపోతే? ఆయన వచ్చేసరికి తను ఒక్కతే చక్కబెట్టిందని తెలిస్తే? అత్తగారు పొరుగింటికి వెళ్లిన వేళ చూసి షిరీన్ అటకెక్కింది. గొట్టం మీద అక్షరాలు చీమల బారులా ఉన్నాయి, సగం ఇంగ్లీషువి. పుర్రె బొమ్మ ఉంది. పత్తికి కొట్టే మందు డబ్బా మీదా ఆ బొమ్మే, మిరపకు కొట్టే మందు మీదా ఆ బొమ్మే. పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్న బొమ్మకు ఎవరు భయపడతారు? చున్నీ ముక్కుకు కట్టుకుని బిళ్ళలు టిక్కీల మధ్య పెట్టింది. నడింటి తలుపులు రెండూ మూసింది, చివరి గదికి పెరటి దారి ఎలాగూ ఉంది. కింద సందుల్లో పాత చీరలు కుక్కి, అత్తగారు వచ్చాక కాయల ఘాటు రాకుండా అని చెప్పింది. తలుపు మూస్తే చాలనుకుంది. గోడ పైన సందు సంగతి ఆమెకు తట్టనే లేదు.

ఆ రోజుకేమీ కాలేదు. మర్నాడు సాయంత్రం అత్తగారు నీళ్ల బకెట్టు, వేపమండ పట్టుకుని నడింటి తలుపు దగ్గరికి వచ్చింది. ఎండుకాయ గలగలలాడుతుంటే చేయి పెట్టగానే పొడి అవుతుంది. అందుకని తొడిమలు తీసే ముందు కాస్త తడి చిలకరించడం ఆ ఊళ్లలో తాతల నాటి నుంచి ఉన్న పద్ధతి. లోపలికి రావద్దని చెప్పాలంటే బిళ్ళల సంగతి చెప్పాలి. చెబితే గంటలో ఖుర్షిదాకు తెలుస్తుంది. షిరీన్ బకెట్టు లాక్కుని, మీకు దగ్గు వస్తుంది అత్తమ్మా, నేను చూసుకుంటాను అని తనే లోపలికి పోయి, చేతికందిన పది టిక్కీల మీద గబగబా నీళ్లు చల్లి బయటపడింది. లోపల వెల్లుల్లి వాసన కొట్టింది. పంచలో అత్తగారు వెల్లుల్లి కారం దంచుతోంది కదా, ఆ వాసనే అనుకుంది.

ఇవాళ తెల్లవారుజామునే పీరుకు వాంతులు మొదలయ్యాయి.

డాక్టరు అలేఖ్య అద్దాల తలుపు తోసుకుని వచ్చింది. చిన్న వయసే, కళ్ల కింద నల్లగా ఉంది. ముస్తాక్ ఒక్క అంగలో ఆమె ముందుకు వెళ్లాడు. పిల్లవాడి గుండె సరిగా కొట్టుకోవడం లేదనీ, రక్తపోటు నిలబడడం లేదనీ, ఇది తిండి తేడా వల్ల వచ్చిన జబ్బులా లేదనీ ఆమె చెప్పింది. ముస్తాక్ మళ్లీ ఉగ్గు కథ మొదలుపెట్టాడు. తన తల్లి ఆ వసకొమ్ము ఎక్కడ కొన్నదో, ఎన్నాళ్లనాటిదో, ఎన్నిసార్లు వద్దన్నాడో చెప్పుకొచ్చాడు.

"వసకొమ్ముకు గుండె ఇలా తడబడదండీ" అంది అలేఖ్య. "పెద్దావిడను ఊరికే అనకండి." తర్వాత షిరీన్ వైపు తిరిగింది. "మీరు చెప్పండమ్మా. ఇంట్లో పంటకు కొట్టే మందులున్నాయా? బాబు దేన్నైనా నోట్లో పెట్టుకున్నాడా? ఇంకెవరికైనా వాంతులు గాని, తలనొప్పి గాని ఉన్నాయా?"

"లేదు మేడమ్" అంది షిరీన్.

మూడు ప్రశ్నలకూ కలిపి ఒకటే జవాబు. తన గొంతు అంత మామూలుగా ఎలా వచ్చిందో ఆమెకే అర్థం కాలేదు. అలేఖ్య ఆమె ముఖం వంక మరో క్షణం చూసి లోపలికి వెళ్లిపోయింది. తలుపు మూసుకున్నాక గాని షిరీన్‌కు గుర్తు రాలేదు. ఆరేళ్ల కూతురు సైమా పొద్దున్నే కణతలు పట్టుకుని, అమ్మా తల నొప్పి, బడికి పోను అంది. పీరు గొడవలో షిరీన్, సరే నాయనమ్మ దగ్గర పడుకో అని చెప్పి బండి ఎక్కేసింది.

నాయనమ్మ దగ్గర. ఆ ఇంట్లోనే.

ఆ ఆలోచనను ఆమె లోపలికి రానివ్వలేదు. పగలు కదా, తలుపులు తీసే ఉంటాయి, గాలి ఆడుతుంది అని తనకు తనే చెప్పుకుంది. పసివాడు కాబట్టి పీరుకు తగిలింది, సైమా పెద్దది అని చెప్పుకుంది. ఇంకొక్క గంట చూసి, అప్పటికి తగ్గకపోతే చెబుతాననుకుంది. ఆ మాట ఎనిమిది గంటలప్పుడూ అనుకుంది, తొమ్మిదిన్నరకూ అనుకుంది.

ముస్తాక్ మందుల చీటీ పట్టుకుని కిందికి వెళ్లాడు. వార్డులో పనిచేసే మార్క్ అనే నర్సు బయటికి వచ్చి, పీరు గుడ్డలున్న సంచీ ఆమెకు అందిస్తూ ఆమె వేళ్లు చూశాడు. గోళ్ల సందుల్లో ఎరుపు దిగి ఉంది.

"సబ్బుతో కడుక్కుని బాబును ముట్టుకోండమ్మా, మంట పుడుతుంది. మాదీ కాయల ఇల్లే. మా అమ్మ ముద్ద కలిపి పెడితే ఇక పచ్చడి అక్కర్లేదు మాకు."

షిరీన్ నవ్వబోయింది. నవ్వు రాక, వేళ్లు చున్నీలో దాచుకుంది. మార్క్ సొంత ఊరు పిడుగురాళ్ల అవతలట. తండ్రిది సున్నపు బట్టీలో పని, తల్లిది కాయల్లో తొడిమలు తీసే పని. అతను పోకుండా అక్కడే గోడకు ఆనుకుని నిలబడి, ఈ వార్డుకు వచ్చే తల్లుల గురించి మాట్లాడాడు. మొదటిసారి అడిగితే అందరూ ఏమీ లేదనే అంటారట. రెండోసారికి కొందరు చెబుతారట. ఏ మందు తగిలిందో తెలిస్తే చాలు, ఎవరి వల్ల, ఎందుకు అన్నది డాక్టరుగారు అడగరని చెప్పాడు.

"చెబితే పోలీసులకు రాస్తారా?" అంది షిరీన్. ఎవరి గురించో అడుగుతున్నట్టు, సంచీ ముడి వేసుకుంటూ అడిగింది.

మార్క్ గొంతు తగ్గించాడు. "రాస్తారమ్మా. రాయరని అబద్ధం చెప్పను మీకు. కానిస్టేబులు వచ్చి అడుగుతాడు, కాగితం మీద సంతకం పెట్టించుకుంటాడు. అక్కడితో ఆగినవే ఎక్కువ." అద్దాల గది వైపు చూపించి, "అది రేపటి సంగతి. బాబుది ఇవాళ్టి సంగతి" అన్నాడు.

షిరీన్ నోరు తెరిచింది. మాట నాలుక దాకా వచ్చింది. అంతలో మెట్ల మీద ముస్తాక్ చెప్పుల చప్పుడైంది. ఆ మాట వచ్చిన దారినే వెనక్కి పోయింది. మార్క్ మందుల సంచీ అందుకుని లోపలికి వెళ్లిపోయాడు.

ముస్తాక్ ఆమె పక్కన కూలబడ్డాడు. మోకాళ్ల మీద మోచేతులు ఆన్చి, ముఖం చేతుల్లో పెట్టుకున్నాడు. తల్లికి రెండుసార్లు ఫోను చేశాడట, ఎత్తలేదట. ఎత్తకపోతే పోనీ అన్నాడు. తర్వాత, ముఖం ఎత్తకుండానే, షిరీన్ ఏడేళ్లుగా ఎదురు చూస్తున్న మాట అన్నాడు.

"వీణ్ని తీసుకుని ఇంటికెళ్లగానే అద్దంకిలో చిన్న వాటా చూస్తా. మనం నలుగురమే ఉందాం. అమ్మ అక్క దగ్గరుంటుంది. నువ్వన్నది నిజమే షిరీన్. నేనే వినలేదు."

వేరు కాపురం. తన వంటిల్లు, తన పొయ్యి, ఎవరూ తొంగిచూడని తలుపు. ఎన్ని రాత్రులు ఆ మాట కోసం ఏడ్చింది. ఇవాళ అడగకుండానే చేతిలో పడింది. ఇంకొంచెంసేపు ఊరుకుంటే అది ఆమెదే. ఉగ్గు మీద పడిన నింద ఉగ్గు మీదే ఉండిపోతుంది. అత్తగారికి అరవై ఏళ్లు, నాలుగు రోజులు ఏడ్చి ఊరుకుంటుంది. పీరు ఎలాగూ లేచి కూర్చుంటాడు. ఎవరికీ ఏమీ తెలియదు.

అలా అనుకున్నందుకు షిరీన్‌కు తన మీద తనకే రోత పుట్టింది. పీరు పుట్టినప్పుడు పాలు పడక తను ఏడుస్తుంటే, మెంతులు, వెల్లుల్లి వేసి వండి, రాత్రంతా కూర్చుని పిల్లవాడిని గుండెల మీద పడుకోబెట్టుకున్నది ఆ మనిషే. తిట్టినా పెట్టింది. ఆ ముసలిదాని మెడకు ఈ పాపం చుట్టి, ఆ పైన అద్దంకిలో వాటా చూసుకుని, కొత్త పొయ్యి మీద పాలు పొంగించుకోవాలన్నమాట.

లోపల మిషను ఒకటి కీచుమని మోగడం మొదలైంది.

ముస్తాక్ లేచేలోపే షిరీన్ అద్దం దగ్గర ఉంది. మార్క్ పీరు కాళ్లు పైకెత్తి పట్టుకున్నాడు. అలేఖ్య చెవిగొట్టం ఛాతీ మీద పెట్టి, కళ్లు మూసుకుని వింటోంది. పిల్లవాడి పాదాలు పాలిపోయి ఉన్నాయి. కుడిపాదం మడమ మీద, దిష్టి తగలకుండా నాయనమ్మ పెట్టిన కాటుక చుక్క అద్దం అవతల నుంచి కూడా కనబడుతోంది. మిషను ఆగింది. అలేఖ్య బయటికి వచ్చి, మాటలు వెతుక్కోకుండా నేరుగా చెప్పింది. ఇది పంట మందు తగిలినట్టే ఉందని ఆమె అనుమానం. దానికి విరుగుడు సూది ఉంది, ఇప్పుడే మొదలుపెడుతుంది.

"కాని ఒకటి వినండి. అది పంట మందు కాకపోతే, ఈ సూది వాడి గుండెను ఇంకా పరిగెత్తిస్తుంది. నేను చీకట్లో రాయి వేస్తున్నాను. మీలో ఎవరికైనా ఏదైనా తెలిస్తే ఇదే సమయం."

ఏం చేసినా సరే, బతికించండి అని ముస్తాక్ చేతులు జోడించాడు. అలేఖ్య వెనక్కి తిరిగింది. ఆమె చేయి తలుపు మీద పడింది.

"అది కాదు మేడమ్" అంది షిరీన్.

ఇద్దరూ ఆమెను చూశారు.

"సూది వేయొద్దు. పంట మందు కాదు. బిళ్ళలు. కాయల్లో పురుగు చావడానికి గోదాముల్లో పెట్టే గ్యాస్ బిళ్ళలు. మంగళవారం నేనే పెట్టాను. పక్క గదిలోనే పడుకున్నాం."

ముస్తాక్ ఏ బిళ్ళలు అని అడిగాడు. అడుగుతూనే అతనికి అర్థమైంది. షిరీన్ అతని వైపు చూడలేదు. చూస్తే మాట ఆగిపోతుందని డాక్టరు తెల్లకోటు బొత్తాం మీదే చూపు నిలిపి, అటక దగ్గర్నుంచి మొదలుపెట్టి అంతా చెప్పింది. ఎన్ని పెట్టిందో చెప్పింది. తలుపుల కింద చీరలు కుక్కిన సంగతి చెప్పింది. గోడ రేకుల దాకా లేదన్న సంగతి చెబుతుండగా గాని, అది ఎంత పెద్ద సంగతో ఆమె చెవులకు వినబడలేదు. ఆడబడుచు ఇంటికి వెళ్లడం ఇష్టం లేక పెట్టానని కూడా చెప్పింది. అది డాక్టరు అడగలేదు. అయినా చెప్పింది.

అలేఖ్య తిట్టలేదు. లోపలికి కేకేసి ఆ సూది పక్కన పెట్టమంది, గుండె కోసం మరో రెండు మందుల పేర్లు చెప్పింది, ఆక్సిజన్ పెంచమంది. దీనికి విరుగుడంటూ లేదనీ, గుండెను కాచుకుంటూ కూర్చోవడమొక్కటే దారి అనీ, ఇప్పటికైనా చెప్పింది నయమనీ అంది. షిరీన్‌కు ఆ "ఇప్పటికైనా" ఒక్కటే వినబడింది. తెల్లవారుజాము నుంచి ఇప్పటిదాకా ఎన్ని గంటలు? ముస్తాక్‌తో కాపురం ఉంటుందో ఊడుతుందో గాని, ఆ గంటలతో మాత్రం ఆమె బతికినన్నాళ్లూ కాపురం చేయాలి.

ముస్తాక్ గోడ పట్టుకుని నిలబడ్డాడు. కొడతాడనుకుంది. కొట్టలేదు.

"నేనొచ్చాక పెడతానన్నాను కదే" అన్నాడు. "మా అమ్మను..." అని చేతిలోని ఫోను వంక చూసుకున్నాడు.

తలుపు సగం తెరిచిన అలేఖ్య మళ్లీ వెనక్కి వచ్చింది.

"మంగళవారం పెడితే ఇవాళ తెల్లారుజాము దాకా ఎందుకు తెలియలేదు? ఆ గదిలో తడేమైనా తగిలిందా? వాన గాని, నీళ్లు గాని?"

"నిన్న సాయంత్రం నీళ్లు చిలకరించాను. తొడిమలు తీయాలి కదా, కాయ విరక్కుండా."

ఆ మాట విని తలుపు లోపల ఉన్న మార్క్ గిర్రున తిరిగి చూశాడు. కాయల ఇంట్లో పుట్టినవాడికి అంతకంటే చెప్పక్కర్లేదు. అలేఖ్యకు చిలకరించడమంటే ఏమిటో అతనే రెండు మాటల్లో చెప్పాడు. ఆమె ముఖం మారింది.

"ఆ బిళ్ళలకు తడి తగిలితే గ్యాస్ ఒక్కసారిగా వదులుతాయమ్మా. ఇప్పుడు ఆ ఇంట్లో ఎవరున్నారు?"

మిగిలిన ఇరవై టిక్కీలు. అవి ఇవాళ తడపాలి. రేపు పొద్దున్నే తొడిమలు తీసే కూలీలు వస్తారు. ఎవరు చెప్పినా చెప్పకపోయినా ఆ పని ఆగదు. అత్తగారికి చేతిలో పని ఉంటే తప్ప తోచదు. మనసు బాగాలేని రోజున మరీను.

"అత్తమ్మ" అంది. "మా సైమా."

ముస్తాక్ అప్పటికే తల్లి నంబరు నొక్కుతున్నాడు. ఫోను ఆపేసి ఉంది. మళ్లీ నొక్కాడు. ఆపేసి ఉంది. పొద్దున తను అన్న మాటలకు తల్లి ఫోను ఆపేసి ఏ మూలో పడేసి ఉంటుందని అతనికి తెలుసు. ఖుర్షిదాకు చేశాడు. రెండో మోతకే ఎత్తింది. ఎత్తుతూనే తగులుకుంది. అమ్మ పొద్దున తన దగ్గరికొచ్చి గుమ్మంలో కూర్చుని ఎంత ఏడ్చిందో, కన్నకొడుకు అనే మాటలేనా అవి, ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని ఫోను చేశావు అని ఊపిరి తీసుకోకుండా అడుగుతోంది. ముస్తాక్ అక్కా, అక్కా అంటున్నా ఆమె ఆపడం లేదు.

షిరీన్ ఫోను లాక్కుంది.

"వదినా, నేను. అత్తమ్మ ఉగ్గు వల్ల కాదు. నేను నడింట్లో గ్యాస్ బిళ్ళలు పెట్టాను. మీ ఇంటికి రావడం ఇష్టం లేక చెప్పకుండా పెట్టాను. పీరుకు తగిలింది అదే. ఇప్పుడు అత్తమ్మ, సైమా ఆ ఇంట్లోనే ఉన్నారు. మీ కాళ్లు పట్టుకుంటాను, పరిగెత్తండి."

షిరీన్ ఏడేళ్లుగా భయపడిన మనిషి అది, ఏడేళ్లుగా తప్పించుకు తిరిగిన నోరు అది. ఆ నోటి నుంచి ఏ మాట వచ్చినా పడడానికి ఆమె సిద్ధంగా ఉంది. ఖుర్షిదా ఒక్క మాట కూడా అనలేదు. చెప్పుల చప్పుడు వినబడింది. ఆ తర్వాత చెప్పులు కూడా లేవు, ఉత్త పాదాలు. ఆయాసం. ఎవరో ఎక్కడికి అని అడిగారు, జవాబు లేదు. రెండు వీధులు.

అలేఖ్య ఫోను దగ్గరగా వంగి, కిటికీలు పగలగొట్టమనండి, నలుగురిని పిలవమనండి, ఎవరూ లోపల నిలబడొద్దు, ఊపిరి బిగబట్టి వెళ్లి లాక్కుని రావాలి, నూట ఎనిమిదికి నేను చెబుతాను అని చెబుతోంది. షిరీన్ ఒక్కొక్క మాటా ఫోనులోకి అప్పజెబుతోంది. ఖుర్షిదా ఆగిన చప్పుడైంది.

"తలుపేసుంది" అంది ఆయాసపడుతూ. "లోపల గడియ. పొద్దున అంది నాతో, ఎవరికీ ముఖం చూపించను, ముందూ వెనకా తలుపులేసుకుని కాయలు తడుపుకుంటా, ఆ పనికైనా పనికొస్తానేమో అంది. అమ్మా. అమ్మా, తలుపు తియ్యి." తలుపు మీద అరచేతుల మోత. "పలకట్లేదు షిరీన్."

"సైమాను పిలవండి వదినా."

పిలిచింది. ఫోనులో గాలి హోరు, దూరంగా ఎవరో పరిగెత్తుకొస్తున్న అలికిడి. షిరీన్ ఫోనును చెవికి అదిమి పట్టుకుంది. వెనక అద్దాల గదిలో మిషను మళ్లీ మోగడం మొదలైంది, మార్క్ డాక్టరును కేకేస్తున్నాడు, ముస్తాక్ ఎటు కదలాలో తెలియక మధ్యలో నిలబడిపోయాడు.

"దగ్గుతోంది" అంది ఖుర్షిదా. "పిల్ల దగ్గు. నడింట్లోంచి. నీకు వినబడుతోందా?"

వినబడుతోంది. తలుపు అవతల, చాలా లోపల, సన్నగా. ఒకసారి. మళ్లీ ఒకసారి. షిరీన్ మూడోదాని కోసం చెవి ఒగ్గి నిలబడింది.

మూడోది రాలేదు.